బరువు తగ్గే ఆపరేషన్: తిరుపతి, చిత్తూరు వాళ్ళకున్న దారులు, మా మార్కులు

పొట్ట సంచిని చాలావరకు కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్‌కి థియేటర్లో పట్టేది గంట, గంటన్నర. అంతా బాగుంటే రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపేస్తారు. కోసిన చోట మూయడానికి స్టేప్లర్‌తో పిన్నులు వేస్తారు, అక్కడ లీకు వచ్చేదుంటే అది చాలాసార్లు ఇంటికొచ్చాకే, ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్యలో బయటపడుతుంది. ఆ సమయానికి మనిషి చెన్నై హాస్పిటల్లో ఉండడు, కొర్లగుంటలోనో కట్టమంచిలోనో సొంత మంచం మీద ఉంటాడు. అందుకే ఈ సమీక్షలో డాక్టర్ గారి హోర్డింగు ఎంత పెద్దదన్నది మేం చూడలేదు. ఆ రాత్రి ఫోనెత్తేది ఎవరు, స్కాను తీయించి అవసరమైతే తెల్లారేలోపు మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళగలిగేది ఎవరు అన్నదానికే ఎక్కువ మార్కులు వేశాం.

ముందుగా ఒక దారిని కొట్టిపారేద్దాం. ఫోన్లో ‘బరువు తగ్గడం’ అని ఒకసారి వెతికితే చాలు, మర్నాటి నుంచి ఫ్రీ కన్సల్టేషన్, వడ్డీ లేని ఈఎంఐ, ఇంటి దగ్గరికే క్యాబ్ అంటూ కాల్స్ మొదలవుతాయి. అటువైపు మాట్లాడేది హాస్పిటల్ కాదు, కేసులు కుదిర్చిపెట్టే మధ్యవర్తి. ‘ఆపరేషన్ చేసే డాక్టర్ గారి పేరేంటమ్మా’ అని అడగండి. ‘మా ప్యానెల్లో అందరూ సీనియర్లే సార్, అడ్మిషన్ రోజు చెప్తాం’ అంటారు. కత్తి పట్టేది ఎవరో అడ్మిషన్ రోజు తెలిసే చోట అడ్వాన్స్ కట్టేది లేదు. ఈ దారికి సున్నా.

రెండోది, నెలకోసారి ఊరికొచ్చే సర్జన్. పెద్ద సిటీ నుంచి ఆదివారం పొద్దున దిగి, ఊళ్ళోని నర్సింగ్ హోంలో రెండు మూడు కేసులు చేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోతారు. చేతిలో పనితనం ఉన్నవాళ్ళు ఇందులో లేకపోలేదు, ఖర్చూ తక్కువే. తేడా కొట్టేది సోమవారం నుంచి. డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి ఈ ఆపరేషన్ సంగతులు తెలియవు. నాడి పెరిగితే నొప్పి వల్ల అనుకుంటారు, ఇంకో ఇంజెక్షన్ రాసి వదిలేస్తారు. మంచి సర్జన్‌ని తీసుకొచ్చినా చుట్టూ ఉన్న జట్టు రాదు కదా. 10కి 3. ఆయన ఊరిలో లేనప్పుడు చూసుకునే సర్జన్ పేరు రాతపూర్వకంగా ఇచ్చి, ఆ సర్జన్ ఆపరేషన్‌లో పక్కన నిలబడే పక్షంలో 5 వెయ్యొచ్చు.

మూడోది చెన్నై లేదా బెంగళూరు. తిరుపతి నుంచి చెన్నై రోడ్డు మీద మూడు, మూడున్నర గంటలు. పొద్దున గరుడాద్రి ఎక్కితే ఓపీలో చూపించుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. చిత్తూరు వాళ్ళకి బెంగళూరు కూడా అందుబాటే, వేలూరైతే గంట దూరం. ఏడాది పొడుగునా ఇవే ఆపరేషన్లు చేసే జట్లు ఈ ఊళ్ళలో దొరుకుతాయి: మత్తు డాక్టర్, డైటీషియన్, ఎండోస్కోపీ చేసేవాళ్ళు, ఐసీయూ అన్నీ ఒకే కప్పు కింద. లోపం ఒక్కటే, దూరం. దానికి విరుగుడు ఉంది, చాలామంది పాటించరు. డిశ్చార్జి అయ్యాక కనీసం పదో రోజు దాకా ఆ ఊళ్ళోనే, హాస్పిటల్‌కి అరగంట దూరంలో రూమ్ తీసుకుని ఉండాలి. ఆ రూమ్ అద్దె కూడా ఆపరేషన్ ఖర్చే అనుకోండి. ఉంటే 8, ఉండకుండా మూడో రోజే కారులో తిరిగొచ్చేస్తే 6.

నాలుగోది ఇక్కడే ఉండి ఇక్కడే చేసే సర్జన్. గాల్‌బ్లాడర్, హెర్నియా లాపరోస్కోపీలు (చిన్న కన్నాల గుండా చేసే ఆపరేషన్లు) రోజూ చేస్తూ, మధ్యమధ్య బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్ కేసు చేసేవాళ్ళు వేరు, ఈ పనే ముఖ్యంగా పెట్టుకున్నవాళ్ళు వేరు. మొదటి రకానికి 4, రెండో రకం దొరికితే 8 దాకా వెయ్యొచ్చు. అర్ధరాత్రి ఆటోలో వెళ్ళి తలుపు కొట్టగలిగిన దగ్గర ఉండటం చిన్న లాభం కాదు.

ఏ రకమో తేల్చుకోవాలంటే ముందు బోర్డు మీది డిగ్రీల అక్షరాలు చదవడం రావాలి. ఎంఎస్ లేదా డీఎన్‌బీ జనరల్ సర్జరీ ఉండి తీరాలి. దాని మీద ఎంసీహెచ్ సర్జికల్ గ్యాస్ట్రో అంటే మూడేళ్ళ చదువు. నేషనల్ బోర్డు వారి ఎఫ్‌ఎన్‌బీ మినిమల్ యాక్సెస్ సర్జరీ అంటే రెండేళ్ళ శిక్షణ. ఎఫ్‌ఐఏజీఈఎస్, ఎఫ్‌ఎంఏఎస్ లాంటివి కొద్ది రోజుల కోర్సూ పరీక్షా. చెడ్డవేం కావు, కానీ రెండేళ్ళ శిక్షణతో ఒకే బరువు వేసి చూడకూడదు. రిజిస్ట్రేషన్ నంబర్ నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో రెండు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు.

తర్వాత అంకెలు అడగాలి. ‘ఎన్ని చేశారు సార్’ అంటే వెయ్యి అనో రెండు వేలనో జవాబొస్తుంది, దాంట్లో గాల్‌బ్లాడర్లు కూడా కలిసి ఉండొచ్చు. ప్రశ్న ఇలా ఉండాలి: పోయిన పన్నెండు నెలల్లో మీ చేతి మీద ఎన్ని స్లీవ్‌లు, ఎన్ని బైపాస్‌లు (పొట్టని చిన్న సంచి చేసి పేగుకి కలిపేవి), ఎన్ని రెండోసారి చేసిన ఆపరేషన్లు? అందులో ఎంతమందికి లీకొచ్చింది, ఎంతమందిని మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు? అమెరికాలో గుర్తింపు ఇచ్చే పద్ధతిలో పూర్తిస్థాయి సెంటర్ అనిపించుకోవాలంటే ఏడాదికి కనీసం 50 స్టేప్లర్ కేసులు ఉండాలి. మన దగ్గర కూడా ఆ 50ని మనసులో పెట్టుకోవచ్చు. ‘మాకు ఒక్క లీకూ రాలేదు’ అనే జవాబుకి మేం మార్కులు తగ్గిస్తాం. చాలా చేసినవాళ్ళకి ఎప్పుడో ఒకటి వచ్చే ఉంటుంది. వచ్చినప్పుడు ఏం చేశారో విడమరిచి చెప్పే మనిషే కావాలి.

వీడియో కూడా అడగండి, ఎడిట్ చేయనిది. మిషిగన్ రాష్ట్రంలో 20 మంది బేరియాట్రిక్ సర్జన్లు తమ బైపాస్ వీడియో ఒక్కొక్కటి ఇస్తే, చేసిందెవరో తెలియకుండా తోటి సర్జన్లు మార్కులు వేశారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మార్కుల్లో అడుగున ఉన్న పావు వంతు సర్జన్ల పేషెంట్లలో 14.5 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులొచ్చాయి, పైనున్న పావు వంతు దగ్గర 5.2 శాతం మందికే. మనం వీడియో చూసి తప్పొప్పులు పట్టలేం, నిజమే. కానీ తెలిసిన ఇంకో సర్జన్‌కి చూపించొచ్చు. అసలు ఇవ్వడానికి ఒప్పుకుంటారా లేదా అన్నదే సగం జవాబు.

ఇక ఆపరేషన్ రకం. స్లీవ్‌లో పొట్ట సంచిలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. రూ-ఎన్-వై బైపాస్‌లో పైన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి పేగుకి కలుపుతారు. మన దేశంలో బాగా నడిచే మినీ బైపాస్‌లో పొడుగాటి సంచి చేసి, మొదటి 150 నుంచి 200 సెంటీమీటర్ల పేగుని దాటించి ఒకే జాయింట్ వేస్తారు. స్లీవ్ ఒక్కటే వచ్చిన సర్జన్ అందరికీ స్లీవే రాస్తారు, చిక్కంతా అక్కడే. గుండెల్లో మంట బాగా ఉన్న మనిషికి స్లీవ్ చేస్తే మంట ఎక్కువవడం సాధారణం, కొందరికి తర్వాత బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది. కాబట్టి ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ చేయకుండానే ‘మీకు స్లీవ్ సరిపోతుంది’ అన్నారంటే అక్కడితో నమస్కారం పెట్టి లేవండి. సిగరెట్ మానలేనివాళ్ళకీ, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వదలలేనివాళ్ళకీ బైపాస్ జాయింట్ దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది. మినీ బైపాస్‌లో పేగు మరీ ఎక్కువ దాటిస్తే మాంసకృత్తులు ఒంటపట్టక కాళ్ళు వాస్తాయి. ఎన్ని సెంటీమీటర్లు దాటించారో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి, పదేళ్ళ తర్వాత ఇంకో డాక్టర్‌కి ఆ అంకే కావాలి. రూ-ఎన్-వై అయితే పేగుల మధ్య ఏర్పడే సందులు కుట్టారా అని అడగండి. కుట్టకపోతే బరువు తగ్గి లోపలి కొవ్వు కరిగాక పేగు ఆ సందులోకి దూరి మెలిపడొచ్చు. ఏడాది తర్వాత వచ్చే కడుపునొప్పిని గ్యాస్ అని వదిలెయ్యకూడదన్నది అందుకే.

స్టేప్లర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ప్యాకేజీ తగ్గించేది చాలాసార్లు ఇక్కడే. స్లీవ్‌లో నోటి గుండా 36 నుంచి 40 ఫ్రెంచ్ (గొట్టం లావు చెప్పే కొలత) గొట్టం దింపి, దాని పక్కన ఒరుసుకుంటూ, పొట్ట కింది ద్వారానికి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల పైనుంచి పిన్నులు వేసుకుంటూ వెళ్తారు. పిన్నులుండే ఒక్కో కార్ట్రిడ్జ్ 60 మిల్లీమీటర్లు, మనిషిని బట్టి ఐదారు, ఏడు పడతాయి. కింది భాగంలో పొట్ట గోడ మందం, అక్కడ ఎత్తు పిన్నులు వాడాలి: కంపెనీని బట్టి ఆకుపచ్చ లేదా నలుపు రంగువి. పైకి వెళ్ళేకొద్దీ గోడ పలచన, తక్కువ ఎత్తువి చాలు. మందపు గోడ మీద పొట్టి పిన్ను వేస్తే అది సరిగ్గా మడత పడదు, లీకు పుట్టేది అలాంటి చోటే. మధ్య వంపు దగ్గర మరీ బిగించి వేస్తే గొట్టం ఇరుకై తిన్నది దిగదు, పైభాగంలో ఒత్తిడి పెరుగుతుంది. అన్నవాహిక కలిసే ఆ పైమూల దగ్గరే లీకులు ఎక్కువ. కార్ట్రిడ్జ్ ఒకసారి వాడితే అయిపోయింది. స్టేప్లర్ పిడిని మాత్రం కొన్నిచోట్ల స్టెరిలైజ్ చేసి మళ్ళీ వాడతారు. ప్రతి కార్ట్రిడ్జ్ పెట్టె మీద బ్యాచ్ నంబర్ స్టిక్కర్ ఉంటుంది, ఆ స్టిక్కర్లు కేస్ షీట్లో అంటించమని ముందే చెప్పండి, డిశ్చార్జి రోజు ఫొటో తీసుకోండి. బిల్లులో ఏడు వేసి కేస్ షీట్లో ఐదు కనిపిస్తే అడిగే హక్కు మీకుంది.

ముందు జరగాల్సిన పరీక్షల సంగతి: షుగర్ మూడు నెలల సగటు, థైరాయిడ్, గుండె ఎకో, కడుపు స్కానింగ్, విటమిన్ డీ, బీ12, ఐరన్. రాత్రి గురక గట్టిగా ఉన్నవాళ్ళకి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే పరీక్ష. దాన్ని దాటేసి ఆపరేషన్ పెట్టే మత్తు డాక్టర్‌కి లావుపాటి మనుషులతో అనుభవం తక్కువని అర్థం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. బరువు తగ్గే వారపు ఇంజెక్షన్ వేసుకుంటున్నవాళ్ళు ఆ మాట దాచకూడదు, అది పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, మత్తు ఇచ్చేటప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రెండు వారాల ముందునుంచి తక్కువ కేలరీల ద్రవాహారం పెడితే కాలేయం కుంచించుకుని సర్జన్‌కి చోటు దొరుకుతుంది. ఈ విషయాలు మీరు అడగకముందే వాళ్ళే చెప్తే మంచి జట్టు.

మళ్ళీ మొదట చెప్పిన ఆ రాత్రికి, ఇంటికొచ్చాక లీకు బయటపడే రాత్రికి వద్దాం. పడుకుని ఉన్నా నాడి 120 దాటి దిగకపోవడం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఊపిరి అందకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా పొద్దుటిదాకా ఆగకూడదు. లీకు కాకపోతే కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. పేషెంట్‌ని ఆపరేషన్ సాయంత్రమే లేపి నడిపించడం, రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు ఇవ్వడం అందుకోసమే. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, మనిషి బాగాలేకపోతే లాపరోస్కోప్ వేసి చూసేయాలి. దీన్ని మొహమాటం లేకుండా చెప్పే సర్జన్ కావాలి మనకి.

ఇంకొకటి, మన ఊళ్ళలో మరీ జాగ్రత్తగా ఉండాల్సింది. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వాంతులు అవుతున్న మనిషిని పక్క వీధి క్లినిక్‌కి తీసుకెళ్తారు. ‘నీరసంగా ఉంది లేక్కా, ఒక గ్లూకోజ్ ఎక్కిస్తే సరి’ అంటారు. అప్పటికే ఒంట్లో విటమిన్ బీ1 అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు: చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, అయోమయం. ముందు థయామిన్ (అదే బీ1) ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాసిన కార్డు డిశ్చార్జి రోజు పేషెంట్ చేతిలో పెట్టే హాస్పిటల్‌కి మేం కళ్ళు మూసుకుని ఒక మార్కు కలుపుతాం. ఆ రాత్రి స్విమ్స్‌కో రుయాకో పరుగెత్తాల్సి వచ్చినా, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి పోవాల్సి వచ్చినా, ఆ కార్డూ ఆపరేషన్ నోట్సూ చేతిలో ఉంటే అక్కడి డ్యూటీ డాక్టర్‌కి గంట కలిసొస్తుంది.

డైటీషియన్‌ని విడిగా కలిసి చూడండి. ఇంటర్నెట్ నుంచి దింపిన అవకాడో, గ్రీక్ యోగర్ట్ చార్టు చేతిలో పెట్టారా, లేక మన వంటింటి మాట మాట్లాడారా? మొదటి రెండు వారాలు వడకట్టిన పలచటి రాగిజావ, మజ్జిగ, పెసరకట్టు, తర్వాత రెండు వారాలు మెత్తగా చేసినవి. సంగటి మాత్రం రెండు నెలల దాకా వద్దు, జిగురుకి గొట్టంలో అడ్డం పడి వాంతి చేయిస్తుంది. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8, పప్పుకట్టులో అంతంతమాత్రం. లెక్క వేస్తే మొదటి నెలల్లో ప్రోటీన్ పొడి తప్పదని మీకే తెలుస్తుంది. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. పెరటాసి శనివారాల ఒక్కపొద్దు ఆ ఏడాదికి మానుకోవాలి. కొద్దికొద్దిగా రోజంతా తాగాల్సిన నీళ్ళు తగ్గితే కిడ్నీ మీద పడుతుంది. బైపాస్ అయినవాళ్ళు లడ్డూ ప్రసాదం చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే చాలు, ఎక్కువైతే పావుగంట, అరగంటలో చెమటలు, గుండెదడ, విరేచనం. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది, కొండ మీద ఇచ్చేసినట్టు అనుకోండి. అలిపిరి మెట్లు 3,550. నెలా నెలన్నర దాకా బరువులెత్తకుండా నేల మీద నడక చాలు, మెట్ల మొక్కు సర్జన్‌ని అడిగాకే. ఆడవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి, బైపాస్ అయ్యాక నోటి మాత్రలు సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి మాట్లాడుకోవాలి. షుగర్, బీపీ మాత్రలు మొదటి వారంలోనే తగ్గించేది ఎవరో ముందే తేలాలి. పాత డోసులోనే గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళుంటారు.

డబ్బు సంగతి. స్లీవ్‌కి రెండున్నర నుంచి ఐదు లక్షల దాకా చెప్తారు. ప్యాకేజీలో కార్ట్రిడ్జ్‌లు ఎన్ని, ఐసీయూ ఒక రోజు అదనమైతే ఎంత, ముప్పై రోజుల్లోపు మళ్ళీ థియేటర్‌కి వెళ్తే బిల్లెవరిది? మూడోదానికి నోటిమాట చాలదు.

ఇన్సూరెన్స్ ఉంటే బీఎంఐ లెక్క ముందు చూసుకోండి: కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఐదడుగుల మూడంగుళాల మనిషిని, అంటే 160 సెంటీమీటర్లు, తీసుకుందాం. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 కావాలి, అంటే 102 కిలోల పైమాట. అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం), గుండె జబ్బు లాంటివి ఉంటే 35 చాలు, అంటే దాదాపు 90 కిలోలు. వయసు 18 నిండాలి, మామూలు పద్ధతుల్లో తగ్గలేదని కాగితాలుండాలి. వైద్యుల లెక్క వేరు. ఆసియా వాళ్ళకి కొవ్వు పొట్టలో పేరుకునే తీరు చూసి 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు గీతను 27.5 దాకా దించాయి, అదే మనిషికి 70 కిలోల మీద. కాబట్టి 85 కిలోలున్న వ్యక్తికి సర్జన్ ‘చేయొచ్చు’ అనడమూ కంపెనీ ‘ఇవ్వం’ అనడమూ రెండూ నిజమే కావచ్చు. ‘అప్రూవల్ కోసం బరువు కాస్త ఎక్కువ రాస్తాం లెండి’ అన్న చోట ఉండొద్దు. అక్కడ కేస్ షీట్లో మిగతా అంకెల్నీ నమ్మలేం. పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఈ ఆపరేషన్‌కి డబ్బివ్వని గడువు, కూడా చూసుకోండి.

చివరగా రక్తపరీక్షలు: మూడు, ఆరు, పన్నెండు నెలలకి, ఆ తర్వాత ఏటా. ఇవి తిరుపతిలోనే ఏ మంచి ల్యాబ్‌లోనైనా ఇవ్వొచ్చు, రిపోర్టు వాట్సాప్‌లో పంపితే చాలు. మల్టీవిటమిన్, బీ12, ఐరన్, విటమిన్ డీ, రోజుకి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం జీవితాంతం ఉంటాయి. కాల్షియం, ఐరన్ రెండు గంటల తేడాతో వేసుకోవాలి. బరువు గబగబా తగ్గేటప్పుడు పిత్తాశయంలో (అదే గాల్‌బ్లాడర్) రాళ్ళు పడకుండా ఆరు నెలలు ఉర్సోడియాక్సీకోలిక్ మాత్ర రాస్తారు, గాల్‌బ్లాడర్ ముందే తీసేసినవాళ్ళకి అది అక్కర్లేదు.